నాలుగో జ్వరం దాకా

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మదనపల్లె ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. అవతల ఒక ఆడమనిషి గొంతు.

"అప్పా, మీరు ముసిలోళ్ళ సర్వే వాళ్ళే కదా? మా అత్త పొయ్యింది. శుక్రవారం తెల్లార్తో. నీళ్ళడిగి తాగె, పడుకుండె, అంతే. మీకు తప్పకుండా చెప్పమని శానా నాళ్ళ ముందే చెప్పి పెట్టింది. లేకుంటే వాళ్ళు బండేసుకోని ఊరికే వచ్చి పోతారు అనె."

ఏ ఊరని అడగాల్సిన పని లేకపోయింది. తన చావు కబురు మా ఆఫీసుకు అందే ఏర్పాటు ముందుగానే చేసుకున్న మనిషి, మేము తిరిగే ఊళ్ళన్నిటిలోనూ ఒక్కతే.

మాది వయసు మళ్ళినవాళ్ళ ఆరోగ్యం మీద ఏళ్ళ తరబడి సాగే అధ్యయనం. రెండేళ్ళకొకసారి అవే ఊళ్ళకు, అవే ఇళ్ళకు, అవే మనుషుల దగ్గరికి పోతాం. బరువు, బీపీ, చేతి పట్టు, నడక, జ్ఞాపకశక్తి చూస్తాం. కాస్త రక్తం తీస్తాం. ఎవరైనా మధ్యలో తప్పుకుంటే వాళ్ళ చోట ఇంకొకర్ని పెట్టుకోవడానికి లేదు. అప్పుడు నడిచిన మనిషే ఇప్పుడెలా నడుస్తోందో చూడాలి. అందుకే మా ఉద్యోగంలో కష్టం మనుషుల్ని చేర్చుకోవడంలో లేదు, నిలుపుకోవడంలో ఉంది.

ఆ నిలుపుకోవడం ఎలాగో కొత్తవాళ్ళకు నేర్పే మా శిక్షణ పుస్తకంలో ఆమె ఊరి గురించి మొన్నటిదాకా ఒక పేరా ఉండేది. రాసింది నేనే. అందులో ఆమె లేదు. ఉన్నదాంట్లో చాలాభాగం అబద్ధం. ఆమె ఉండగా దాన్ని సరిదిద్దలేదు. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆమె ఊరు పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో, రోడ్డు వదిలి లోపలికి ఉంటుంది. ముందు ఇల్లు, వెనక పట్టుపురుగుల షెడ్డు. మొదటిసారి పోయినప్పుడు ఆమె నన్ను వాకిట్లోనే ఆపింది. దగ్గరికొచ్చి, ముక్కు ఎగబీల్చి, చొక్కా వాసన చూసింది.

"సెంటు కొట్టుకోనుండావా?"

"లేదవ్వా. పౌడరు."

"అదీ వాసనే కదప్పా. ఆ తొట్టి కాడ మొకం కడుక్కోని రా. పురుగు మూడో జొరం లేసి ఆకు తింటాండాది. నీ పౌడరుకి ఒక్కటి తల వాల్చినా నిన్ను ఇడిసిపెట్టను."

పట్టుపురుగు పొర విడవడానికి కదలకుండా పడుకునే నిద్రను మా వైపు రైతులు జ్వరం అంటారు. అట్లాంటి జ్వరాలు నాలుగు దాటితేనే పురుగు గూడు కడుతుంది. అంతవరకూ వేళకు మల్బరీ ఆకు పడాల్సిందే. ఆమెకు పెళ్ళిళ్ళయినా జాతరలైనా ఆకు వేసే వేళల మధ్యనే. మా ప్రశ్నలూ అంతే. సగంలో లేచిపోయి, ఆకు వేసి, చేతులు కడుక్కుని వచ్చి, "ఊఁ, ఇంగ అడుగు" అనేది.

ఆమెను ప్రశ్నలు అడగడం తేలిక కాదు. ప్రతిదానికీ ముందు తానొకటి అడిగేది. "రాత్రిపూట ఎన్నిసార్లు మేలుకుంటారు?" అంటే "అది నీకు యాల?" అనేది. చెబితే వినేది. కారణం నచ్చితే జవాబు చెప్పి, ఆకు కోసి కోసి నల్లబడిన చూపుడువేలితో నా కాగితం మీద రెండుసార్లు తట్టి, "రాసుకో" అనేది. నచ్చకపోతే "అది నీ పనికి రాదులే" అని తర్వాతి ప్రశ్నకు తానే పోయేది.

చేతి పట్టు చూసే యంత్రాన్ని ఒకసారి పిండి, "ఇంతేనా?" అని, అడగకుండానే రెండో చేత్తోనూ పిండింది. నడక పరీక్షకు నేలమీద నాలుగు మీటర్ల తాడు పరుస్తాం. మామూలుగా ఎలా నడుస్తారో అలా నడవాలి.

"మామూలుగా అంటే నెత్తిన ఆకు మోపు ఉంటాది. ఉత్త తలకాయతో నేను యాడికీ పోను" అంది.

"మోపు పెట్టుకోవడానికి రూల్ లేదవ్వా."

"అట్లయితే మోపు ఉండాదనుకోని నడస్తా. దానికి రూలుందా?"

లేని మోపును కుడిచేత్తో పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి నడిచింది. తర్వాత ఎన్నిసార్లు పోయినా ఆ చెయ్యి అలాగే పైకి లేచేది.

జ్ఞాపకశక్తి పరీక్షలో పది మాటలు చదివి వినిపిస్తాం. కాసేపయ్యాక గుర్తున్నవి చెప్పాలి. రెండోసారి పోయినప్పుడు నేను జాబితా చదవగానే ఆమె కోప్పడింది. "పోయినతూరి పిల్లి ఉండె కదా, దాన్ని యాల తీసేసినారు?" రెండేళ్ళ కిందటి మాట. ఈ సంగతి ఆఫీసులో చెబితే జాబితా నేనే ముందుగా ఆమెకు చూపించి ఉంటానని అనుమానపడ్డారు.

ఇక నా తప్పు.

ఆ ఊళ్ళో మా లెక్కలో ఉన్నవాళ్ళలో మొదట పోయింది మునెప్ప అనే పెద్దరైతు. ఎవరైనా పోతే ఇంటికి పోయి ఒక ఫారం నింపాలి. ఎన్నాళ్ళు మంచంలో ఉన్నారు, ఏ ఆసుపత్రికి తీసుకుపోయారు, ఇలాంటివి. నేను దినాలు అయిన మర్నాడు పోయాను. మునెప్ప భార్య గోడకానుకుని కూర్చుని, ఏడుస్తూనే అన్నీ చెప్పింది. పెద్దకొడుకు నాకు చెంబుతో నీళ్ళిచ్చాడు. అంతా మర్యాదగానే జరిగింది. మునెప్ప భార్య కూడా మా అధ్యయనంలో ఉన్న మనిషే. మా ఫారాలన్నిటికీ చివర ఒకటే వాక్యం అచ్చు వేసి ఉండేది: మళ్ళీ ఎప్పుడు వస్తామో చెప్పాలి, చెప్పినట్టు గడిలో టిక్కు పెట్టాలి. మనుషులు జారిపోకుండా ఉండటానికి పెట్టిన నియమం అది. నేను టిక్కు పెట్టి, గడప దాటుతూ, ఆమెవైపు తిరిగి అన్నాను:

"మళ్ళీ వస్తామమ్మా."

చావు జరిగిన ఇంటినుంచి లేచేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు. మాట్లాడకుండా లేచి వచ్చెయ్యాలి. ఇది నాకు ఎవరో నేర్పాల్సిన సంగతి కాదు. చిన్నప్పుడు మా అమ్మ ఇలాంటి ఇళ్ళకు తీసుకుపోతే, వీధి మలుపు తిరిగేదాకా నా నోటిమీద చెయ్యి తీసేది కాదు. కానీ ఆ వారంలో అదే మాట ముప్ఫై నలభై గడపల్లో చెప్పి ఉంటాను. నోరు నన్నడగకుండానే అనేసింది.

మునెప్ప భార్య కొంగుతో ముఖం కప్పుకుంది. కొడుకు చేతిలో చెంబు కింద పడింది.

"మళ్ళా వస్తావా? ఈతూరి ఎవురి కోసరం వస్తావురా? మా అమ్మ కోసరమా?"

ఎవరో నా భుజం పట్టుకుని వీధిలోకి తెచ్చి వదిలారు.

మూడు వారాల తర్వాత ఆ ఊళ్ళో పరీక్షలు మొదలుపెట్టాల్సి ఉంది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒకాయన పెళ్ళికి పోవాలన్నాడు. ఇంకొక ఇంట్లో పెద్దాయన ఊళ్ళో లేడన్నారు, ఆ లేని పెద్దాయన దగ్గు లోపల్నుంచి వినిపిస్తూనే ఉంది. ఎవరూ తిట్టలేదు. "వద్దులేప్పా" అన్నారు, అంతే.

ఊరు ఊరంతా జారిపోతే కారణం రాయాలి. అప్పట్లో నాది ఏడాదికొకసారి పొడిగించే ఉద్యోగం. ఆఫీసు బల్లముందు కూర్చుని, "రక్తం తీస్తే ఒంట్లో బలం పోతుందన్న మూఢనమ్మకంతో గ్రామస్థులు నిరాకరించారు" అని రాశాను. అలాంటి కారణాలు ఆఫీసులో ఎవరూ తిరిగి అడగరు. అడగలేదు.

అవ్వ ఇంటికి మాత్రం నేను పోనే లేదు. ముఖం చెల్లలేదు. నాలుగైదు రోజుల తర్వాత పుంగనూరులో టీ కొట్టు దగ్గర ఆమే నన్ను పట్టుకుంది. షెడ్డులో చల్లడానికి సున్నం కొనుక్కుని బస్సుకోసం నిలబడి ఉంది.

"ఏమప్పా, రెండేండ్లు అయిపాయె కదా. నా కాడికి యాల రాలే?"

"ఊరంతా వద్దన్నారు కదవ్వా."

"ఊరు వద్దనె. నేనంటినా?"

సున్నం మూట కింద పెట్టి, మళ్ళీ తనే అంది.

"నోరు జారినావు. జారినోడు ఆడనే నిలబడి ఏరుకోవల్ల. పారిపోతే ఎట్లా?"

"పోయి కాళ్ళు పట్టుకోనా?"

"కాళ్ళు పట్టుకుంటే అన్న మాట పోతాదా? నువ్వు మళ్ళా వస్తానంటివి. అంటివి కాబట్టి రావల్ల. మంచికి రావల్ల. మునెప్పోళ్ళ ఆవు నిండు సూలుతో ఉండాది. ఈనినాక కబురు పెడతా."

ఆ ఊళ్ళో అలాంటి ఆచారం నిజంగా ఉందో, ఆమె అప్పటికప్పుడు కల్పించిందో నాకిప్పటికీ తెలియదు. పది రోజులకు ఫోన్ చేసింది. "ఈనింది. పెయ్యదూడ. రేపు పొద్దున్నే రా. పౌడరు పూసుకోవద్దు."

మర్నాడు నా మణికట్టు పట్టుకుని వీధిలో నడిపించుకుంటూ తీసుకుపోయింది. మునెప్ప కొడుకు గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కకి జరగరా" అందామె. "మళ్ళా వస్తానన్నాడు, వచ్చినాడు. మీ ఇంట్లో జున్ను తినేకి వచ్చినాడు. అన్న మాట దీంతో అయిపాయె. ఇంగ అది ఎవురి మీదకీ రాదు."

అతను జరగలేదు. లోపల్నుంచి అతని తల్లి, "రానీరా" అంది. అప్పుడు జరిగాడు.

ఆ తల్లే స్టీలు పళ్ళెంలో జున్ను తెచ్చి నా ముందు పెట్టింది. నేను తినడం మొదలుపెట్టాను. అవ్వ తనకూ ఒక ముక్క పెట్టించుకుని, నోట్లో వేసుకుని, "బెల్లం తక్కువాయె కదే" అంది. మునెప్ప భార్యకు నవ్వొచ్చింది. ఆయన పోయిన తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వేమో, కొడుకు చటుక్కున తల తిప్పి తల్లిని చూశాడు. నేను లేచినప్పుడు నోరు తెరవడానికి భయమేసింది. ఆ తల్లే అంది: "పోయి రాప్పా."

ఆ మర్నాడు అవ్వ తన ఇంటి వసారాలో మా యంత్రాలు పెట్టించింది. నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు కానీ చేతులు చాపలేదు. ఒక పెద్దాయన అన్నాడు:

"రెండేండ్లకొకతూరి వస్తారు, సూస్తారు, పోతారు. మందా, మాకా? మనకేమొస్తాది?"

"ఏమప్పా, నువ్వూ పురుగు పెంచినోడివే కదా" అందామె. "మూడు జొరాల దాకా ఆకేసి, నాలుగోది దాటకముందే నిలిపేస్తే ఏమైతాది?"

"ఏమైతాది, చస్తాది."

"గూడు రాదు. అంతదాకా ఏసిన ఆకు గూడా దండగ. మన నడక, మన పట్టు, మన రగతం వీళ్ళ కాడ ఇంతకుముందే రాసిపెట్టినారు. ఇప్పుడు నిలిపితే అదంతా దిబ్బలో పోసినట్లే."

"అయితే ఆ గూడు మనకొస్తాదా?"

"గూడు కట్టిన పురుగుకి పట్టుచీర వస్తాదా?"

వసారా అంతా నవ్వింది. ఆ పెద్దాయన నవ్వుతూనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సాయంత్రానికి మునెప్ప భార్య వచ్చింది. "ఆయప్ప పేరు మీ కాడ ఉండాది కదా. నా పేరు గూడా ఉండనీ" అంది. వారం తిరిగేసరికి ఆ ఊళ్ళో మా మనుషులు ఒక్కరూ తక్కువ కాలేదు.

నేను ఆఫీసుకు పోయి, "సిబ్బంది పదేపదే చేసిన ఇంటింటి అవగాహన కార్యక్రమాల ఫలితంగా గ్రామస్థులు మూఢనమ్మకం విడిచి తిరిగి చేరారు" అని రాశాను. ముందు అబద్ధాన్ని కాపాడాలంటే ఈ రెండోది తప్పలేదు. ఆ ఏడు నా ఉద్యోగం గట్టిపడింది. పుంగనూరు ఊళ్ళతో పాటు కుప్పం వైపు ఊళ్ళన్నిటికీ నన్ను సూపర్‌వైజరుగా వేశారు. ఆ రెండు వాక్యాలూ కలిసి శిక్షణ పుస్తకంలో పేరా అయ్యాయి.

కొన్నేళ్ళ తర్వాత అధ్యయనంలో ఉన్న పెద్దవాళ్ళకోసం కుప్పంలో ఒక సమావేశం పెట్టాం. పుంగనూరు వైపు నుంచి కూడా జీపుల్లో తీసుకొచ్చాం. అవ్వ రెండో వరసలో, ఉతికిన తెల్లచీరలో కూర్చుంది. వేదిక మీద ఒక అధికారి మా పుస్తకం తెరిచి, మా సిబ్బంది ఎంత ఓపికగా పని చేస్తారో చెప్పడానికి ఆ పేరా చదివాడు. ఊరి పేరుతో సహా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ ఊరివాళ్ళ వైపు తిరిగి చూశారు. మునెప్ప కొడుకు తల్లిని తీసుకుని భోజనానికి కూడా ఆగకుండా బయటికి నడిచాడు.

అవ్వ మాత్రం ఆగింది. విస్తరి ముందునుంచి లేచి నా దగ్గరికొచ్చింది.

"రగతానికి భయపడినామంట, నిజమేనా?"

ఆమె రవిక చెయ్యి పైకి జరిపి, మోచేతి మడతలో సూది గుచ్చిన చోటు చూపించింది.

"ఎన్నితూర్లు ఇచ్చినాను ఈ చేత్తో. ఒక్కతూరి వెనక్కి తీసినానా? నువ్వు రాసినావా అది?"

"లేదవ్వా" అన్నాను. "పైవాళ్ళు రాశారు."

ఆమె నన్ను కాసేపు చూసింది. కోపంగా కాదు. షెడ్డులో ఆకు తినని పురుగు దగ్గర వంగి చూసేటప్పుడు ఎలా చూసేదో అలా చూసింది.

"సరే. అట్లయితే పైవాళ్ళకి చెప్పు, తప్పు రాసినారని. మా ఊరు అట్లాంటిది కాదని చెప్పు."

"చెప్తానవ్వా."

నా చొక్కా జేబు మీద రెండుసార్లు వేలితో తట్టి, "రాసుకో" అంది.

చెప్పలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఆమెను పరీక్షలకోసం కలిశాను. ఆ మాట మళ్ళీ అడగలేదు. ఊళ్ళో ఎవరితోనూ అనలేదు. రాసింది నేనేనని ఆమెకు తెలుసుననే అనుకుంటాను. ఒకసారి మునెప్ప కొడుకు తల్లిని ఈసారి పంపనని మొండికేస్తే, అవ్వే పోయి ఏదో చెప్పి ఆమెను వెంటబెట్టుకొచ్చింది. ఏం చెప్పిందని అడిగితే, "వానిది పౌరుషం. మనది పని. పౌరుషం పూటకి తగ్గుతాది" అంది.

ఆఖరుసారి చూసేసరికి అవ్వ మోకాళ్ళు అరిగిపోయాయి. షెడ్డు పని కోడలు చూసుకుంటోంది. తాడు వెంబడి నడవడానికి ముందెన్నడూ పట్టనంతసేపు పట్టింది. చెయ్యి మాత్రం లేని మోపు మీదనే ఉంది. చివర కూర్చుని ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"పోయినతూరికి ఇప్పటికి ఎంత తేడా?"

"చెప్పకూడదవ్వా. రూలు."

"నువ్వు చెప్పకుంటే ఏమి, నా కాలు చెప్తాండాది. బాగా మెల్లగా నడిచినానని రాసుకో. మెల్లగా నడిచింది గూడా మీకు కావల్ల కదా?"

కావాలి. అదే మాకు అన్నిటికన్నా ఎక్కువ కావాలి. బాగున్నవాళ్ళు ఎలాగూ వస్తారు. నడక మందగించినవాళ్ళు సిగ్గుపడి తలుపు వేసుకుంటారు. అప్పుడు మా లెక్కల్లో ముసలితనమంతా చలాకీగా కనిపిస్తుంది. ఇది మేము పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాం. ఆమె చదవకుండానే కుర్చీలో కూర్చుని చెప్పింది.

కోడలి ఫోన్ వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. డబ్బాకు మూత పెట్టేసి, మా అధ్యయనం పెద్ద అయిన డాక్టరమ్మ గదిలోకి పోయాను. మునెప్ప ఇంటి గడప నుంచి కుప్పం భోజనాల దాకా మొత్తం చెప్పాను. అంతా విన్నాక ఆవిడ అడిగింది.

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"చెప్పమన్న మనిషి పోయింది మేడం. చెప్పేశానేమో అనుకునే పోయి ఉంటుంది."

ఆవిడ పుస్తకం తీసి ఆ పేరా చదువుకుంది. తర్వాత దాని మీద అడ్డంగా గీత గీసి, పుస్తకం నావైపు తోసింది. "మీరే తిరగరాయండి. మీ పేరు పెట్టి రాయండి." ఈ ఏటికి కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చే పని నుంచి నన్ను తప్పించింది. అది న్యాయమే. చావు జరిగిన ఇంట్లో నింపే ఫారం చివరినుంచి ఆ వాక్యాన్ని, గడిని కూడా తీసేయించింది.

కొత్త పేరా అచ్చయిన మర్నాడే ఆ ఊరికి పోయాను. ముందు అవ్వ ఇంట్లో, కోడలి దగ్గర ఫారం నింపుకున్నాను. అక్కడినుంచి మునెప్ప ఇంటికి నడిచాను. కొడుకు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"మీ ఊరి గురించి తప్పు రాశాను" అన్నాను. "రాసింది పైవాళ్ళు కాదు, నేనే. ఇప్పుడు దిద్దాను. చదివి వినిపిస్తాను."

కాగితం విప్పి మొదలుపెట్టాను. "ఈ ఊరివాళ్ళు రక్తం ఇవ్వడానికి ఏనాడూ భయపడలేదు..."

అతను చెయ్యి చాపాడు. "ఇట్లియ్యి."

కళ్ళద్దాలు పెట్టుకుని, మొదట మనసులో చదువుకున్నాడు. తర్వాత లోపలికి తిరిగి, "అమ్మా, ఇట్లా రా" అని కేక వేశాడు. ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఎదురింటివాళ్ళు వాకిట్లోకి వచ్చారు. అతను లేచి నిలబడి, వీధికంతటికీ వినబడేలా, ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు.

"ఈ ఊరివాళ్ళు రక్తం ఇవ్వడానికి ఏనాడూ భయపడలేదు. మా ఉద్యోగి చావింట అనకూడని మాట అన్నాడు. ఊరు నొచ్చుకుంది. నొచ్చుకోవడం సబబే. తన తప్పు దాచి, నింద ఊరి మీద వేసి రాశాడు. ఊరిని తిరిగి మాతో కలిపింది మా సిబ్బంది కాదు. ఈ ఊరి అవ్వ ఒకామె."

అడుగున ఆ ఉద్యోగి పేరు ఉంది. అక్కడ ఆగి, కళ్ళద్దాల మీదుగా నన్నొకసారి చూసి, నా పేరు కూడా అంతే గట్టిగా చదివాడు.